మర్యాదగా చెప్పిన మాట

తాడేపల్లిగూడెం,
జూలై 8.

అక్కయ్యకు హరిణి నమస్కారాలు.

మొన్న ఫోన్లో "ఏమైందే, గొంతు అలా ఉందేం?" అని అడిగావు. నేను కారులో ఉన్నాను. ముందు సీట్లో గన్‌మన్, పక్కన మా పి.ఎ. శ్యామ్ సుందర్. ఏం చెప్పను? ఎమ్మెల్యేనయ్యాక ఫోన్ నాది కాకుండా పోయింది. అందుకే కాగితం తీశాను. నేను హాస్టల్లో ఉన్నప్పుడు వారం వారం రాసుకునేవాళ్లం కదా, మళ్లీ ఆ రోజులొచ్చాయనుకో.

నన్ను అసెంబ్లీ ఎథిక్స్ కమిటీలో వేశారు. సభ్యుల నడవడి మీద ఫిర్యాదులొస్తే స్పీకరు గారు ఆ కమిటీకి పంపుతారు. మేం అందరినీ పిలిచి విని, తప్పుందో లేదో, ఉంటే ఏం చేయాలో సభకు నివేదిక ఇస్తాం. శిక్ష వేయడం సభ పని. మొదటిసారి గెలిచిన దానికి ఇది పెద్ద గౌరవమేనని మురిసిపోయాను. మొదటి ఫిర్యాదు చదివాక ఆ మురిపెం పోయింది.

అది సూర్యనారాయణ గారి మీద. అవును, నీ దగ్గర డిగ్రీ చదివిన సూర్యనారాయణే. మా పార్టీలో నన్ను వేలు పట్టుకుని నడిపించినాయన, నామినేషన్ నాడు నా పక్కన నిలబడ్డాయన.

కొల్లేటికోట దగ్గర అభయారణ్యం హద్దు లోపల పొక్లెయిన్ పెట్టి చేపల చెరువుకి గట్టు వేస్తున్నారట. స్టెల్లా అని అక్కడి ఫారెస్టు ఆఫీసరు వెళ్లి ఆపించింది. ఈయనకి కబురు వెళ్లింది. వచ్చాడు. "హద్దు ఎక్కడుందమ్మా?" అని అడిగాడు. ఆవిడ చూపించింది. అప్పుడు ఆవిడ తల మీది టోపీ లాగి కొల్లేట్లోకి విసిరి, "అదుగో, అక్కడుంది హద్దు. వెళ్లి తెచ్చుకో" అన్నాడట. యూనిఫాం టోపీ కదా, ఆవిడ దిగింది అక్కయ్యా. గుర్రపుడెక్క తోసుకుంటూ గుండెల లోతు నీళ్లలోకి వెళ్లింది. గట్టు మీద జనమంతా నవ్వు. ఆ జనంలో ఆవిడ భర్త యోబు కూడా ఉన్నాడు. ఆ చెరువుల మీదే అతని పని. అతను నవ్వలేదట. అలాగని ముందుకు ఒక్క అడుగూ వేయలేదట.

వీడియో నువ్వూ చూసే ఉంటావు. అది ఆవిడ నీళ్లలో ఉన్నప్పటి నుంచే మొదలవుతుంది. టోపీ ఎలా పడిందో అందులో లేదు. "గాలికి ఎగిరింది, తనే దిగింది, ఏదో నవ్వుకున్నాం" అంటున్నాడాయన. చూసినవాళ్లు ఒక్కరూ నోరు విప్పడం లేదు. ఇక అంతా ఆ అమ్మాయి మాట మీదే ఉంది. ఆవిడ నిలబడితే ఆయనకి సస్పెన్షన్ తప్పదు. నిలబడకపోతే కమిటీ చేయగలిగింది ఏమీ లేదు.

ఆ గదిలో సంగతులు బయట చెప్పకూడదు. నువ్వు బయటిదానివా ఏమిటి? చదివి చింపేయ్.

నీ హరిణి.

ఏలూరు,
జూలై 15.

చిరంజీవి హరిణికి అక్క దీవెనలు.

నీ ఉత్తరం చదివి అలాగే కూర్చుండిపోయాను. పొయ్యి మీద పాలు పొంగి మాడిన వాసన వస్తే గాని లేవలేదు. ఆ వీడియో మా వీధిలో అందరూ చూశారు. ఎదురింటి మెహజబీన్ అయితే, "ఆడపిల్లని అలా నీళ్లలోకి దింపడమేంటండీ!" అంటూ సగంలోనే ఫోన్ పక్కన పడేసింది.

కానీ సూర్యనారాయణ అంటే నాకు నమ్మడం కష్టంగా ఉంది తల్లీ. కుర్చీ చూపించినా కూర్చునేవాడు కాదు. ఇప్పటికీ ఎక్కడైనా కనిపిస్తే "మేడమ్" అంటూ కారు దిగి వస్తాడు. అలాంటివాడు ఇలా చేశాడంటే ఏమనుకోవాలి? నువ్వు మాత్రం తొందరపడకు. అమ్మ పోయినప్పుడు నీకు జడ వేసుకోవడం కూడా రాదు. నిన్ను ఇంతదాన్ని చేశాను, ఇప్పుడు ఎవరి కోపానికో నువ్వు బలి కావడం నేను చూడలేను. ఆయన చెయ్యి తీసేస్తే పార్టీలో నీకెవరున్నారు?

ద్వారకా తిరుమల ప్రసాదం వచ్చింది. లడ్డూ ఒకటి ఇందులో పెట్టలేను కాబట్టి కళ్లకద్దుకుని నీ పేరు చెప్పి నేనే తిన్నాను.

వచ్చే ఆదివారం కొల్లేటికోట పెద్దింట్లమ్మ దర్శనానికి వెళ్లాలని ఉంది. అమ్మవారికి చీర పెడతానని ఎప్పుడో మొక్కుకున్నాను. బస్సులు మారే ఓపిక లేదు. మీ శ్యామ్ సుందర్‌కి చెప్పి కారు పంపించు.

వేళకి తిను.

భానుమతక్క.

వెలగపూడి,
ఆగస్టు 3.

అక్కయ్యా,

కారు సుఖంగా తీసుకెళ్లి తీసుకొచ్చిందని శ్యామ్ సుందర్ చెప్పాడు. సంతోషం. ఇక్కడ మాత్రం అంతా అడ్డం తిరిగింది.

స్టెల్లా ఫిర్యాదు వెనక్కి తీసుకుంది. టోపీ గాలికే ఎగిరిందట, కంగారులో తప్పు రాసిందట, ఎవరి మీదా కోపం లేదట. కింద సంతకం, తేదీ. మా కమిటీ అధ్యక్షుడు హనుమంతరావు గారు అది చదివి కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. ఎదుటి పార్టీ ఆయనే గాని, చాలా పెద్దమనిషి. "ఇక ఇందులో ఏముంది, మూసేద్దాం" అన్నారు సూర్యనారాయణ గారి వైపు సభ్యులు. నేను ఒప్పుకోలేదు.

నా పార్టీ వాళ్లంతా నా వంక తినేసేలా చూశారు. చూడనీ. అంత ధైర్యంగా నీళ్లలోకి దిగిన మనిషి, ఒక్క నెలలో గాలి అంటుందా? ఎవరో ఆ ఇంటికెళ్లి బెదిరించారు. నాకు ఖాయంగా తెలుసు. ఆవిణ్ని స్వయంగా పిలిపించి అడగాల్సిందేనని పట్టుబట్టాను. హనుమంతరావు గారు సరేనన్నారు. ప్రశ్నలు నేనే అడుగుతాను. ఆ ఇంటి గడప తొక్కినవాడెవడో తేలేదాకా వదలను.

కోపం వస్తే నేను నీ పోలికేనని నువ్వే అంటావుగా!

హరిణి.

ఏలూరు,
ఆగస్టు 9.

హరిణికి,

ఒంట్లో బాగుండక నాలుగు ముక్కలే రాస్తున్నాను. ఆ పిల్లే వద్దనుకుంటే నీకెందుకమ్మా అంత పంతం? దానికి సంసారం ఉంది, మొగుడి పని ఉంది. మర్చిపోదామనుకుంటోందేమో. ఆఫీసులూ అసెంబ్లీలూ ఎక్కించి దాన్ని ఇంకా అల్లరి చేయడమెందుకు?

పోనీ, పిలిచారు సరే. అడిగేది నువ్వే కావాలా? ఇంకొకరు అడగకూడదా? నా మాట విను.

అక్క.

వెలగపూడి,
ఆగస్టు 21.

అక్కయ్యా,

తొందరలో రాస్తున్నాను. అక్షరాలు కలవకపోతే కూడబలుక్కుని చదువుకో.

ఇవాళ స్టెల్లా వచ్చింది. నాకంటే చిన్నది. ఇస్త్రీ యూనిఫాం, చేతిలో టోపీ. హనుమంతరావు గారు కుర్చీ చూపించి, మంచినీళ్లు ఇప్పించి, మెల్లగా అడిగారు.

"అమ్మా, ముందు టోపీ లాగి విసిరారని రాశావు. ఇప్పుడు గాలికి ఎగిరిందంటున్నావు. ఏది నిజం?"

"రెండోదే అనుకోండి సార్."

"అనుకోవడం కాదమ్మా."

ఆవిడ తల వంచుకుంది. నేను కల్పించుకున్నాను. "స్టెల్లా గారూ, ఇక్కడి మాట బయటికి పోదు. భయపడకండి. మిమ్మల్నెవరైనా బెదిరించారా?"

అప్పుడు నా వంక చూసింది. అందులో కోపం లేదక్కయ్యా. నేనేదో నాటకం ఆడుతున్నాననీ, అందులో తను ఏం మాట్లాడాలో తెలియడం లేదనీ, అలా చూసింది.

"బెదిరించలేదండీ. మర్యాదగానే చెప్పారండీ."

"ఎవరు?"

"మీకు తెలీదా అండీ?"

"తెలీదు. చెప్పండి."

"మీ అక్కగారేనండీ, భానుమతి గారు. మీ కారులోనే వచ్చారు. మీ పి.ఎ. గారు బయట నిలబడ్డారు. మా ఇంట్లో కింద కూర్చుని, నా చేతులు రెండూ పట్టుకుని చెప్పారండీ. కమిటీలో అంతా నా మాట మీదే ఉందట కదా, ఆ మాట నేను వదిలేస్తే అందరూ చల్లగా ఉంటారన్నారు. కమిటీలో సంగతి కమిటీ వాళ్లకే కదండీ తెలిసేది. మీరే పంపించారనుకున్నాను. అడిగే మేడమే వద్దంటుంటే, ఇంక నేను ఎవరితో చెప్పుకోనండీ?"

మాటలు రాసుకుంటున్న అసెంబ్లీ రిపోర్టరు చెయ్యి ఆగిపోయింది. మజీద్ గారని ఇంకో సభ్యుడున్నారు, ఆయన నా ముఖం చూడలేక కిటికీ వైపు తిరిగిపోయారు.  నీ పేరు! ఆ గదిలో, ఆ అమ్మాయి నోటి వెంట నీ పేరు!

హనుమంతరావు గారు ముందుకు వంగి, "హరిణి గారూ, ఆవిడ కంగారులో ఉంది. ఈ మాట రికార్డులోకి వెళ్లకుండా ఆపొచ్చు. కాసేపు విరామం తీసుకుందామా?" అన్నారు. నా మీద జాలితోనే అన్నారు. నిజం చెబుతున్నాను, ఒక్క క్షణం అలాగే కానివ్వాలనిపించింది. అవునంటే చాలు, ఎవరికీ తెలియదు. స్టెల్లా మాత్రం ఆశ్చర్యపోకుండా చూస్తోంది. ఇలాగే జరుగుతుందని తనకి ముందే తెలిసినట్టు.

"రాయండి" అన్నాను. "ఆవిడ చెప్పింది చెప్పినట్టు రాయండి. కమిటీ సంగతి మా అక్కకి చెప్పింది నేనే. అదీ రాయండి."

లేచి బయటికి వచ్చేశాను. ఎవరి నడవడి మీద ప్రశ్న వస్తుందో వాళ్లు ఆ గదిలో కూర్చోకూడదు. ఆ నియమం నేనే పైకి చదివి సంబరపడ్డాను మొదటి రోజు. నేను లేకపోతే కమిటీలో సూర్యనారాయణ గారి వైపే బలం ఎక్కువవుతుంది. అదీ తెలుసు.

శ్యామ్ సుందర్‌ని పిలిచి అడిగాను. "అమ్మగారు దర్శనం కాగానే ఎవరో తెలిసినవాళ్లని చూడాలన్నారండీ, నేను గుమ్మం బయటే ఉన్నానండీ" అన్నాడు.

అమ్మవారికి చీర పెట్టావా అక్కయ్యా? లేక స్టెల్లాకి పెట్టావా? ఆ ప్రసాదం ఎవరు తెచ్చారు?

ఎవడి కాలు ఆ గడప తొక్కిందో తేలుస్తానని ప్రగల్భాలు పలికాను. నువ్వా? నన్ను పెంచిన నువ్వా?

హరిణి.

ఏలూరు,
ఆగస్టు 27.

హరిణీ,

నువ్వు ఊహించింది నిజమే. ప్రసాదం తెచ్చింది సూర్యనారాయణే. నీ ఉత్తరం అందిన మర్నాడే వచ్చాడు. గుమ్మంలో చెప్పులు విడిచి, నా కాళ్లకి దండం పెట్టాడు. నేను మందలించాను. "ఏమిటోయ్ ఆ పని, నిజంగా చేశావా?" అని గట్టిగానే అడిగాను. తల దించుకుని, "సరదాకి చేశాను మేడమ్. టోపీ తీసి పడేస్తే ఆవిడ వెనక్కి తగ్గుతుందనుకున్నాను. దిగుతుందనుకోలేదు" అన్నాడు.

అవునమ్మా. నా దగ్గర ఒప్పుకున్నాడు. అది తెలిసే వెళ్లాను నేను.

వెళ్లేటప్పుడు గుమ్మం దగ్గర నిలబడి, "హరిణమ్మని చూస్తే మా చెల్లెల్ని చూసినట్టే ఉంటుంది మేడమ్. వచ్చేసారి టికెట్ విషయంలో ఎవరేమన్నా నేను అండగా నిలబడాలనుకుంటున్నాను. నేనే లేకపోతే ఎలాగో" అన్నాడు. ఎంత మెల్లగా అన్నాడంటే, అది బెదిరింపని నాకు నీ ఉత్తరం చదివేదాకా తట్టలేదు. ఇన్నేళ్లు పాఠాలు చెప్పాను, ఏం లాభం?

దర్శనం చేసుకునే వెళ్లాను. చీర అమ్మవారికే పెట్టాను. స్టెల్లాకి ఏమీ పెట్టలేదు. ఇంటికి వెళ్లి, టీ ఇస్తే తాగి, "అమ్మాయీ, మీరు చదువుకున్నవారు, నేను మీకు చెప్పేదాన్ని కాదు" అంటూ మొదలుపెట్టాను. యోబు పని పోతుందన్నాను. ఆడవాళ్ల పేరు పదిమంది నోళ్లలో నానడం మంచిది కాదన్నాను. ఆవిడ ఒక్క ఎదురు మాట అనలేదు. నన్ను సాగనంపేటప్పుడు "మంచిదండీ" అంది. ఎంత మంచి పిల్ల, చెప్పగానే విన్నదనుకుంటూ ఇంటికొచ్చాను! నీకు మేలు చేశాననుకున్నాను. చెబితే నువ్వు ఒప్పుకోవని తెలుసు కాబట్టే చెప్పలేదు. నీకు చెప్పలేని పని ఎందుకు చేస్తున్నానని మాత్రం నన్ను నేను అడగలేదు.

ఆ గదిలో నా పేరు వినబడినప్పుడు నీ ముఖం ఎలా ఉందో ఊహించుకుంటుంటే అన్నం దిగడం లేదు.

హనుమంతరావు గారికి నువ్వేమీ చెప్పనక్కర్లేదు. కమిటీ ఆఫీసుకి నేనే ఫోన్ చేశాను. నన్ను పిలవమన్నాను. సూర్యనారాయణ నాతో అన్న మాట వాళ్ల ముందు చెబుతాను. ఆ మాట చెప్పాలంటే నేను చేసిన పనీ చెప్పాలి. చెబుతాను.

భానుమతి.

తాడేపల్లిగూడెం,
డిసెంబరు 12.

అక్కయ్యకు,

ఇన్నాళ్లూ రాయలేదు. నీ మీద కోపమని కాదు. కోపమే ముందు, తర్వాత సిగ్గు. నువ్వు కమిటీ ముందుకు వచ్చిన రోజు వరండాలో బెంచీ మీద ఆ చివర నువ్వు, ఈ చివర నేను. పలకరించుకోకూడదని ఎవరూ చెప్పలేదు. మనకే నోరు రాలేదు. నువ్వు లోపలికి వెళ్తూ కొంగు సర్దుకోవడం చూశాను. క్లాసుకి వెళ్లేటప్పుడు అలాగే సర్దుకునేదానివి.

నువ్వు చెప్పినది విన్నాక సూర్యనారాయణ గారి మనుషులకి కూడా కాదనడానికి ఏమీ దొరకలేదట. తర్వాత స్టెల్లాని మళ్లీ పిలిచారు. మొదటి ఫిర్యాదే నిజమని చెప్పి వెళ్లిందట.

నిన్న నివేదిక సభలో పెట్టారు. టీవీలో చూసి ఉంటావు. ఆయనకి ఈ సమావేశాలు ముగిసేదాకా సస్పెన్షన్. నాకు మందలింపు. స్పీకరు గారు నా పేరు చదివి నిలబడమన్నారు. నిలబడ్డాను. "కమిటీ రహస్యాన్ని ఇంటివారితో పంచుకుని, సాక్షి మీద ఒత్తిడికి దారి ఇచ్చినందుకు" అని చదువుతుంటే, సభలో ఆ చివర ఎవరో దగ్గితే వినబడింది. అంత నిశ్శబ్దం. ఒప్పుకున్నదాన్ని కాబట్టి తేలిగ్గా ఉంటుందనుకున్నాను. లేదక్కయ్యా. నలుగురిలో నిలబెట్టడమంటే ఏమిటో తెలిసింది. నన్ను నిలబెట్టినది సభ, చేసిన తప్పుకి. ఆ అమ్మాయిని నీళ్లలో నిలబెట్టినది ఏ తప్పుకి?

లాబీలో సూర్యనారాయణ గారు ఎదురొచ్చారు. కేకలు వేస్తారనుకున్నాను. చేతులు జోడించి, నవ్వుతూ, "ఆరోగ్యం జాగ్రత్త హరిణమ్మా, బాగా చిక్కిపోయారు. మేడమ్‌ని అడిగానని చెప్పండి" అన్నారు.  ఆ చేతులతోనే కదా టోపీ లాగి విసిరింది!

పార్టీ నుంచి నోటీసు వచ్చింది. వచ్చేసారి టికెట్ మాట మరిచిపో. నేను మరిచిపోయాను.

హరిణి.

ఏలూరు,
డిసెంబరు 20.

హరిణికి అక్క దీవెనలు.

నీ ఉత్తరం అందాక ఇక ఉండబట్టలేక కొల్లేటికోట వెళ్లాను. ఈసారి బస్సులో. కైకలూరులో దిగి ఆటో మాట్లాడుకున్నాను. గుడి వైపు వెళ్లలేదు.

స్టెల్లా ఇంట్లోనే ఉంది. యోబుని చెరువుల పనిలోంచి తీసేశారట. ఊళ్లో ఎవరూ ఏమీ అనలేదట, ఎవరూ పిలవడమూ లేదట. అతను గుమ్మంలో వల బాగు చేసుకుంటున్నాడు. నన్ను చూసి లేచి, కుర్చీ తెచ్చి వేసి బయటికి వెళ్లిపోయాడు.

దారి పొడుగునా ఏం చెప్పాలో మాటలు కూర్చుకున్నాను. ఆ పిల్ల ఎదురుగా కూర్చోగానే అన్నీ పోయాయి. "మీకు అన్యాయం చేశాను" అని మాత్రం అన్నాను.

 అప్పుడు ఆవిడ చెప్పింది. ఆవిడ అన్నట్టే రాస్తున్నాను. "ఆయన నా టోపీ లాగి విసిరినప్పుడు నాకు కోపం వచ్చిందండీ. నీళ్లలోంచి బయటికొచ్చి, తడి బట్టలతోనే కూర్చుని ఫిర్యాదు రాశాను. జనం నవ్వినా ఆ కోపం పోలేదు. మా ఆయన అడుగు వేయకపోయినా పోలేదు. మీరొచ్చి నన్ను 'మీరు' అని, చేతులు పట్టుకుని, మా అమ్మలాగ మాట్లాడితే పోయిందండీ. నాకే సిగ్గేసింది, ఇంత పెద్దావిడతో బతిమాలించుకుంటున్నానేంటి అని. అప్పుడు సంతకం పెట్టేశాను. తర్వాత ఎన్ని రోజులో నిద్ర లేదండీ. తిట్టినవాళ్లకి ఎదురు చెప్పడం నాకొచ్చు. మీలాంటివారికి ఎలా చెప్పాలో నాకెవరూ నేర్పలేదు."

 మన గోదావరి వాళ్ల నోరు మంచిదని ఎంత గర్వపడతాం హరిణీ! సూర్యనారాయణ నాతో మాట్లాడిన తీరూ, నేను ఆ పిల్లతో మాట్లాడిన తీరూ ఒకటేనని నాకు అప్పుడు తెలిసింది. ఇంత వయసొచ్చి, ఆ చిన్న ఇంట్లో కూర్చుని తెలుసుకున్నాను.

క్షమించమని అడుగుదామని నోరు తెరిచాను. ఆవిడకి నా ముఖం చూస్తేనే తెలిసిపోయింది. చెయ్యెత్తి ఆపింది.

"వద్దండీ, అడక్కండి. మీరడిగితే నేను సరేననేస్తాను" అంది.

అడగలేదమ్మా. ఆ మాట మింగేసి, లేచి, ఆటో దగ్గరికి నడిచి వచ్చేశాను.

భానుమతి.